బంతి పట్టడం నేర్పాలంటే ముందు వేసే చేతిని సరిచేయాలి

ఒకటో తరగతి పిల్లకు బంతి వేసి చూడండి. ముఖం పక్కకు తిప్పుకుంటుంది, కళ్లు గట్టిగా మూసుకుంటుంది, రెండు చేతులూ బిగబట్టి ముందుకు చాపుతుంది. బంతి వేళ్లకు తగిలి ఎగిరిపోతుంది, లేదా ఛాతీకి తగిలి కింద పడుతుంది. "పట్టుకోరాదా బిడ్డా!" అంటాం మనం. నిజానికి ఆ పిల్ల తప్పేమీ చేయలేదు. మీదికి వచ్చే వస్తువు నుంచి ముఖాన్ని కాపాడుకోవడం ఒళ్లు తనంతట తాను చేసే పని. దాన్ని ఆపి బంతిని చేతుల్లో పడేదాకా చూడాలంటే ముందు భయం పోవాలి. భయం పోవాలంటే వచ్చే బంతి మెత్తగా ఉండాలి, మెల్లగా రావాలి, ప్రతిసారీ ఒకే చోటికి రావాలి. ఈ మూడూ పట్టే పిల్ల చేతిలో లేవు. బంతిని ఎంచేవాళ్ల చేతిలో, వేసేవాళ్ల చేతిలో ఉన్నాయి. చిన్న తరగతుల్లో జారిపోయిన క్యాచుల్లో ఎక్కువ భాగం వేసినవాళ్ల లెక్కలోనే రాయాలని నా గట్టి నమ్మకం.

వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు, భూపాలపల్లి వైపు ప్రాథమిక బడుల్లో చాలావరకు పీఈటీలు, అంటే ఆటలు నేర్పే ప్రత్యేక టీచర్లు, ఉండరు. ఆటల పీరియడ్‌ను కూడా తరగతి చెప్పే సారో మేడమో చూసుకోవాలి. పిల్లలు ఎక్కువగా ఆడేది కబడ్డీ, ఖోఖో. రెండూ ఖర్చు లేని మంచి ఆటలే, కానీ రెండింట్లోనూ చెండు లేదు. అందుకే హైస్కూలుకు పోయాక వాలీబాల్ ముందు, హ్యాండ్‌బాల్ ముందు చాలామంది తడబడతారు. క్రికెట్ పేరుతో వాడకట్టులో మగపిల్లలకు కాస్త అలవాటవుతుంది, ఆడపిల్లలకు అదీ ఉండదు. ఇదంతా ఆటల పీరియడ్ తీసుకునే మామూలు టీచర్ల కోసం రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. మూడు నాలుగేళ్ల పిల్లలు చేతులు చాపి నిలబడి, బంతి మీద పడ్డాక ఒళ్లోకి హత్తుకుంటారు. ఐదారేళ్లకు చేతులు బంతికి ఎదురుపోవడం మొదలవుతుంది, అయినా ఛాతీ ఆసరా లేనిదే బంతి నిలవదు. ఏడెనిమిదేళ్లకు, అలవాటు ఉంటే, ఒట్టి చేతులతో పట్టగలరు. పక్కకు కదిలి పట్టడం, పైనుంచి పడే బంతి కిందికి చేరుకోవడం తొమ్మిది పదేళ్లకు గానీ కుదురుకోవు. ఇందులో "అలవాటు ఉంటే" అన్నదే అసలు విషయం. వయసు పెరిగినంత మాత్రాన ఈ విద్య రాదు. ఐదో తరగతి పిల్ల ఇంకా ఛాతీకే హత్తుకుంటోందంటే ఆమె చేతికి ఇన్నేళ్లూ చెండు అందలేదన్నమాట. ఒకటో తరగతిలో మాత్రం హత్తుకోవడాన్ని తప్పు పట్టకండి, ఆ వయసుకు అదే సరైన పద్ధతి.

ఏం పట్టించాలి

మొదటి వారం బంతి వద్దు. పల్చని నైలాన్ చున్నీని అర మీటరు చదరపు ముక్కలుగా కత్తిరించి ఇవ్వండి. పైకి వేస్తే నిదానంగా దిగుతుంది కాబట్టి చూసుకోవడానికి, చేయి చాపడానికి పిల్లకు సమయం దొరుకుతుంది. నూలు గుడ్డ బరువుకు తొందరగా పడిపోతుంది, పనికిరాదు. తర్వాత బుగ్గలు, అంటే గాలి బెలూన్లు. వాటిని గదిలోనే ఆడించాలి, ఫ్యాన్లు ఆపేయాలి, పగిలిన ముక్కలను వెంటనే ఏరేయాలి. చిన్నపిల్లలు ఆ రబ్బరు ముక్కలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ఈ రెండింటితో ఎక్కువ రోజులు గడపనక్కర్లేదు. కళ్లు మూయకుండా పట్టడం వస్తే చాలు.

ఆ తర్వాత చింతగింజల సంచి. నన్నడిగితే ప్రాథమిక బడికి దీన్ని మించిన సామాను లేదు. మందపాటి గుడ్డను, పాత యూనిఫాం ప్యాంటైనా సరే, 14 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి, రెండేసి ముక్కలు కలిపి కుడితే 12 సెంటీమీటర్ల సంచి వస్తుంది. అంచు రెండు వరుసలు కుట్టాలి. లోపల 100 నుంచి 120 గ్రాముల గింజలు పోయాలి. నిండా కుక్కకూడదు, మూడింట రెండు వంతులే నిండాలి. అప్పుడే సంచి అరచేతిలో ఒదిగి కూర్చుంటుంది. బిగుతుగా నింపితే అదీ రాయిలా తగులుతుంది. ఎండాకాలంలో చింతపండు కొట్టే ఇళ్లలో గింజలు ఊరికే దొరుకుతాయి. మక్కలో వడ్లో పోస్తే పురుగు పడుతుంది, ఎలుకలు కొరుకుతాయి, వానాకాలం బూజు పడుతుంది. ఇసుక అసలే వద్దు. కుట్ల నుంచి రాలి కళ్లలో పడుతుంది.

సంచి గొప్పతనమంతా అది ఎగరకపోవడంలో, దొర్లకపోవడంలో ఉంది. పట్టలేకపోయినా కాళ్ల దగ్గరే పడి ఉంటుంది. బంతి అయితే జారిన ప్రతిసారీ పిల్ల గోడదాకా ఉరికి తెచ్చుకోవాలి. పీరియడ్‌లో సగం ఆ ఉరుకులాటకే పోతుంది.

బంతికి వచ్చాక పరిమాణం చూసుకోండి. ఒకటి, రెండు తరగతులకు 15 నుంచి 20 సెంటీమీటర్ల మెత్తని రబ్బరు బంతి లేదా స్పాంజి బంతి సరిపోతుంది. మరీ పెద్దదైతే చేతులకు చాలక ఛాతీకి హత్తుకోవడమే మిగులుతుంది. మరీ చిన్నదైతే వేళ్లు సరిగ్గా ఆ క్షణానికే మూసుకోవాలి, అది ఆరేళ్ల చేతులకు కష్టం. వాలీబాల్ 260 నుంచి 280 గ్రాములు ఉంటుంది. ఒకటో తరగతికి అది బరువు. బడిలో అదొక్కటే ఉంటే నాలుగైదు తరగతులకు ఉంచండి, అప్పుడు కూడా కొంచెం గాలి తీసి ఇవ్వండి. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగేంత మెత్తగా ఉంటే చేతికి తగిలి ఎగరదు. టెన్నిస్ బంతి 6.54 నుంచి 6.86 సెంటీమీటర్ల అడ్డుకొలతతో, 56 నుంచి 59.4 గ్రాముల బరువుతో ఉంటుంది. మూడో తరగతి నుంచి అది బాగా పనికొస్తుంది. కొత్తదాని కంటే నూగు రాలిన పాతది మేలు, తక్కువ ఎగురుతుంది.

ఊరి దుకాణాల్లో అమ్మే కార్క్ బంతిని, తోలు క్రికెట్ బంతిని ప్రాథమిక బడి గేటు లోపలికి రానివ్వొద్దు. తోలు బంతి 155.9 నుంచి 163 గ్రాములు ఉంటుంది, పైగా గట్టిది. ఒక్కసారి వేలికో పెదవికో తగిలిందా, ఆ పిల్ల కొన్ని నెలలపాటు ఏ బంతి చూసినా ముఖం తిప్పుకుంటుంది.

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ప్రాథమిక బడికి ఆటల సామాను కోసం ఏడాదికి 5,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ డబ్బుతో ఒక ఖరీదైన ఫుట్‌బాల్, ఒక బ్యాటు, క్యారమ్ బోర్డు తెచ్చి బీరువాలో పెట్టడం చాలాచోట్ల జరిగేదే. దానికి బదులు ఇద్దరికొక చవక బంతి వచ్చేలా కొనండి. లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. 30 మంది పిల్లలు ఒకే బంతితో వరుసలో నిలబడితే, ఒక్కో క్యాచుకు 8 సెకన్లు అనుకున్నా, 30 నిమిషాల్లో 225 క్యాచులు. అంటే తలా ఏడెనిమిది. అదే జోడీకొక సంచి ఇస్తే, మధ్యలో కబుర్లు, కింద పడటాలు అన్నీ తీసేసినా, ఒక్కొక్కరికి 80, 90 దాకా వస్తాయి. ఏడు క్యాచులతో ఎవరికీ ఏమీ రాదు. వరుసలో నిలబెట్టడం మానేయడమే మీరు చేయగల అతి పెద్ద మార్పు.

నేల, ఎండ

మొరం పోసిన గ్రౌండులో కింద కొట్టిన బంతి ఎటు లేస్తుందో చెప్పలేం. చల్క నేల వానకు మెత్తబడితే అసలు లేవనే లేవదు. కింద కొట్టి పట్టే సాధనలకు వరండా గచ్చు గానీ, బడి ముందరి సీసీ (సిమెంటు నేల) గానీ వాడండి. నిబంధనల ప్రకారం టెన్నిస్ బంతిని గట్టి నేల మీద 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలి. అంటే సగం కంటే కొంచెం ఎక్కువ. మీ భుజం ఎత్తు నుంచి బంతిని వదిలి చూడండి. పిల్ల నడుము దాకా లేవకపోతే ఆ నేలో, ఆ బంతో పనికిరాదు. విసిరి పట్టే సాధనలకు మాత్రం మట్టి గ్రౌండే మేలు, పడ్డా దెబ్బ తగలదు.

ఉదయం జోడీలను ఉత్తరం, దక్షిణం దిక్కులకు ఎదురెదురుగా నిలబెట్టండి. తూర్పు, పడమరలుగా నిలబెడితే ప్రతి జోడీలో ఒకరికి ఎండ కళ్లల్లో కొడుతుంది. ఆ పిల్ల బంతి వదిలేస్తే మనం చేతులను తప్పు పడతాం. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆటల పీరియడ్ మొదటిదో రెండోదో కావాలి, ఆ తర్వాత గచ్చు కాలుతుంది. ఎర్రమట్టి మీద ఎర్ర బంతి కంటికి ఆనదు. పసుపుపచ్చ, చిలకపచ్చ బాగా కనిపిస్తాయి.

వేసే చేయి

చిన్న తరగతుల్లో బంతిని చేయి కిందినుంచే వేయాలి, భుజం మీంచి కాదు. కుడిచేతి పిల్ల ఎడమ కాలు ముందుకు వేయాలి, ఎడమచేతి పిల్ల కుడి కాలు. చేయి తొడ పక్కగా వెనక్కి పోయి ముందుకు ఊగాలి, బంతి నడుము ఎత్తులో వేళ్లను వదలాలి. వదిలాక అరచేయి జోడీ ఛాతీ వైపు చూపిస్తూ ఆగాలి. బంతి నేరుగా పైకి పోతే ఆలస్యంగా వదిలిందని, కాళ్ల ముందే పడితే తొందరగా వదిలిందని, పక్కకు పోతే ఏ చేయో అదే కాలు ముందుకు వేసిందని అర్థం. ఈ మూడూ చూస్తే వేసే తప్పులు చాలావరకు దొరికిపోతాయి.

బంతి కొంచెం పైకి లేచి దిగాలి. ఇది అందం కోసం కాదు. చేతిని వదిలాక 75 సెంటీమీటర్లు పైకి లేచిన బంతి మళ్లీ అదే ఎత్తుకు దిగడానికి దాదాపు 0.8 సెకను పడుతుంది. అదే మూడు మీటర్ల దూరం నుంచి సెకనుకు 10 మీటర్ల వేగంతో సూటిగా కొడితే 0.3 సెకనులో మీద పడుతుంది. పిల్ల కన్ను చూసి, చేయి కదలడానికే పావు సెకను దాటిపోతుంది. అంటే సూటిగా కొట్టిన బంతికి చిన్నపిల్ల చేయగలిగింది ఏమీ లేదు, ముఖం తిప్పుకోవడం తప్ప.

"జోడీ బొడ్డుకు పైన, గదవకు (గడ్డానికి) కింద వడాలె" అని చెప్పండి. వేసేముందు జోడీ పేరు పిలవాలి, ఆ పిల్ల కళ్లు తనవైపు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇక మార్కుల సంగతి: క్యాచు పట్టినందుకు మార్కు పట్టినవాళ్లకు ఇవ్వకండి, వేసినవాళ్లకు ఇవ్వండి. జోడీ పట్టగలిగిందంటే వేసిన చేతికి ఒక మార్కు. బలం చూపించాలని ఈడ్చి కొట్టే మగపిల్లలు ఈ ఒక్క మార్పుతో దారికొస్తారు. ఎదుటివాళ్లు పట్టేలా వేయడమే గెలుపని తెలిశాక "మెల్లగ ఎయ్యి, మెల్లగ ఎయ్యి" అని వాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు.

చూడు, చాపు, గుంజు

పట్టే పిల్లకు ఈ మూడు మాటలు చాలు. అంతకంటే ఎక్కువ చెబితే బంతి వచ్చేలోపు ఏదీ గుర్తుండదు.

నిలబడే తీరు ముందే కుదర్చాలి. కాళ్లు భుజాల వెడల్పున ఉండాలి, మోకాళ్లు కొద్దిగా వంగాలి, మోచేతులు వంగి పక్కటెముకలకు దగ్గరగా, చేతులు బొడ్డుకు ముందు, వేళ్లు విప్పి ఉండాలి. చేతులు కిందికి వేలాడుతుంటే బంతి వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే.

"చూడు" అంటే ఏం చూడాలో చెప్పాలి. పిల్లలు ఎక్కువగా వేసేవాళ్ల ముఖం చూస్తుంటారు. సంచి మీద స్కెచ్ పెన్నుతో ఒకవైపు అ, మరోవైపు క రాయండి, పట్టాక ముందు ఏ అక్షరం కనబడిందో అడగండి. బంతి మీదైతే అంకెలు రాయండి. అక్షరం చెప్పాలంటే చివరిదాకా చూడక తప్పదు, కళ్లు మూసుకునే అలవాటు దానంతట అదే పోతుంది. ఒకటో తరగతికి అక్షరాల సాధన కూడా అయిపోతుంది.

"చాపు" అంటే చేతులు బంతికి ఎదురుపోవాలి. మోచేతులు పూర్తిగా నిటారు కాకూడదు, కొంచెం వంపు మిగలాలి. నడుము కంటే కింద వచ్చే బంతికి చిటికెన వేళ్లు కలవాలి, వేళ్లు నేల వైపు. ఛాతీ కంటే పైన వచ్చే బంతికి బొటనవేళ్లు దగ్గరవ్వాలి, వేళ్లు ఆకాశం వైపు. ఎప్పుడైనా వేళ్ల కొనలు బంతికి ఎదురుగా ఉండకూడదు, వేళ్లు బెణికేది అక్కడే. అన్నింటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, ఛాతీ మీదికి వచ్చే బంతికి కూడా దోసిలి పట్టడం. బంతి దోసిలి మీంచి జారి గదవకు తగులుతుంది. దీన్ని సరిచేయడానికి బంతి లేకుండానే ఆడించండి. మీరు "కింద" అంటే వేళ్లు కిందికి, "మీద" అంటే వేళ్లు మీదికి. రెండు నిమిషాలు చాలు, కానీ వారం రోజులు వదలకుండా చేయించాలి. బంతి సరిగ్గా నడుముకు, ఛాతీకి మధ్య వస్తే పెద్ద పిల్లలూ తికమకపడతారు. అప్పుడు మోకాళ్లు ఇంకాస్త వంచమనండి. పిల్ల కిందికి దిగితే అదే బంతి మీది బంతి అవుతుంది.

"గుంజు" అనేది చాలామంది నేర్పని మెట్టు. బంతి తగలగానే చేతులు దానితోపాటే వెనక్కి, ఒంటివైపు 15, 20 సెంటీమీటర్లు రావాలి. ఇల్లు కట్టేచోట కింది నుంచి ఎగరేసిన ఇటుకను మీద నిలబడ్డ మనిషి అందుకోవడం పిల్లలంతా చూసే ఉంటారు. ఆయన చేయి ఇటుకకు ఎదురుదెబ్బ కొట్టదు, దానితోపాటు కదిలి ఆగుతుంది. ఆగడానికి దొరికే దూరం పెరిగితే దెబ్బ తగ్గుతుంది, బంతి ఎగిరిపోదు. ఇది సరిగ్గా వచ్చిందో లేదో చెవితో తెలుసుకోవచ్చు. టప్పుమని మోగితే చేతులు బిగుసుకుని ఉన్నాయి, చప్పుడు లేకుండా ఆగితే గుంజడం వచ్చింది. పిల్లలకు చెప్పండి: "చప్పుడు రావద్దు." కళ్లు మూసుకుని వింటూ కూడా తరగతి మొత్తం ఎలా ఉందో మీరు అంచనా వేయగలరు.

మెట్లు

మొదట దొర్లించడం. ఇద్దరూ ఎదురెదురుగా కాళ్లు చాపి కూర్చుని, మీటరున్నర దూరంలో బంతి దొర్లించుకుంటారు. ఇందులో భయం ఉండదు, బంతిని కళ్లతో వెంబడించడం, చిటికెన వేళ్లు కలిపి నేల మీది నుంచి ఎత్తడం వస్తాయి. తర్వాత నిలబడి ఎవరి బంతి వాళ్లే నడుము ఎత్తు నుంచి వదిలి, లేచాక పట్టాలి. వదలాలి, కొట్టకూడదు. ఆ తర్వాత ఎవరికి వాళ్లే కళ్ల ఎత్తుకు ఎగరేసుకుని పట్టడం. తల మీదికి ఎగరేస్తే బంతి వెనక్కి పోతుంది, కాబట్టి "ముక్కు ముందు" అని గుర్తు చేయాలి. అది కుదిరాక ఎగరేసి ఒక చప్పట్లు, తర్వాత రెండు.

అప్పుడు జోడీలు. మొదట ఒక టప్పా వేసి, అంటే బంతిని ఒకసారి నేలకు తగిలించి, అందించాలి. టప్పా ఇద్దరికీ సరిగ్గా మధ్యలో కాకుండా పట్టే పిల్లకు దగ్గరగా, దూరంలో మూడింట రెండు వంతుల చోట పడాలి. అక్కడ సుద్దతో గీసిన వలయమో, గోనె సంచి ముక్కో గుర్తుగా ఉంటే వేసే చేయి కూడా కుదురుతుంది. టప్పా వల్ల బంతి నెమ్మదిస్తుంది, నేల నుంచి పైకి వస్తుంది కాబట్టి ముఖానికి తగులుతుందన్న భయమూ తక్కువ. ఆ తర్వాతే నేరుగా వేసుకోవడం, రెండు మీటర్ల నుంచి.

దూరం ఎప్పుడు పెంచాలన్నదానికి ఒక లెక్క పెట్టుకోండి. 10 వేస్తే 7 పట్టగలిగితే ఒక అడుగు వెనక్కి, 5 కంటే తక్కువైతే ఒక అడుగు ముందుకు. పిల్లలే లెక్కపెట్టుకుంటారు. అప్పుడు ఒకే గ్రౌండులో ఒక జోడీ రెండు మీటర్ల దగ్గర, మరో జోడీ ఐదు మీటర్ల దగ్గర ఆడుతుంటుంది, ఎవరి మెట్టు మీద వాళ్లుంటారు. వస్తువు మారినప్పుడు, అంటే సంచి నుంచి పెద్ద బంతికి, పెద్ద బంతి నుంచి టెన్నిస్ బంతికి పోయినప్పుడు, మళ్లీ రెండు మీటర్లకే రావాలి. దూరమూ వస్తువూ ఒకేసారి మారిస్తే ఎక్కడ తప్పు జరిగిందో మీకూ తెలియదు.

నాలుగో తరగతికి గోడ మంచి తోడు. టెన్నిస్ బంతిని రెండు మీటర్ల దూరం నుంచి గోడకు కొట్టి, ఒక టప్పా పడ్డాక పట్టాలి, తర్వాత టప్పా లేకుండా. జోడీ లేని పిల్ల కూడా ఒంటరిగా సాధన చేసుకోవచ్చు.

పక్కకు కదిలి పట్టడం వచ్చేసరికి అసలు తప్పు కాళ్లలో ఉంటుంది. పిల్లలు ఉన్నచోటే పాతుకుని ఒక చేయి చాపుతారు. టీవీలో చూసిన ఒంటిచేతి క్యాచుల ప్రభావం కూడా ఉంది. వేసే పిల్లను కావాలనే ఒక అడుగు ఎడమకో కుడికో వేయమనండి. ముందు ఎటు వేస్తుందో చెప్పి వేయాలి, తర్వాత చెప్పకుండా. "కాళ్లు ముందు, చేతులు తర్వాత" అని గుర్తు చేస్తుండండి. బంతి పట్టేసరికి బొడ్డు బంతికి ఎదురుగా ఉండాలి.

ఎత్తు క్యాచులు ఐదో తరగతికే, అదీ మెత్తని బంతితోనే. బంతి పైకి లేవగానే పిల్లలు ముందుకు ఉరుకుతారు, అది తల మీంచి వెనక్కి పోతుంది. మొదటి అడుగు వెనక్కి వేయమనాలి. వెనక్కి పోయినవాళ్లు ముందుకు రావడం సులువు, ముందుకు పోయినవాళ్లు వెనక్కి పోవడం కష్టం. ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు "నాది!" అని గట్టిగా అరిచినవాళ్లదే బంతి, మిగతావాళ్లు ఆగాలి. ఈ ఒక్క నియమం లేకుండా ఎత్తు బంతులు ఆడిస్తే నుదుళ్లు ఢీకొంటాయి.

ఆటలు

"వదిలితే అవుట్" ఆటలు మానేయండి. ఎవరికి సాధన అవసరమో వాళ్లే మొదటి నిమిషంలో బయటికి వచ్చి కూర్చుంటారు, బాగా పట్టేవాళ్లు చివరిదాకా ఆడతారు. దీనికి బదులు జట్టు మొత్తం ఒక నిమిషంలో ఎన్ని పట్టిందో లెక్కపెట్టండి, తర్వాతి నిమిషంలో ఆ లెక్క దాటమనండి. పోటీ తమ లెక్కతోనే. ముగ్గురు త్రికోణంగా నిలబడి ఒకరు మధ్యలో అడ్డుకునే ఆట నాలుగో తరగతికి బాగుంటుంది, కానీ నేరుగా వేసుకునేటప్పుడు 10కి 7 పట్టే స్థాయి వచ్చాకే.

మన ఆటల్లోనే ఈ విద్య చాలా ఉంది. కచ్చకాయలు ఆడే పిల్లల చేతులు చూడండి. ఒక రాయి పైకి ఎగరేసి, కిందివి ఏరి, దిగే రాయిని అందుకుంటారు. చూడటం, సమయానికి చేయి చాపడం, మెత్తగా గుంజడం మూడూ అందులో ఉన్నాయి. కచ్చకాయల్లో చేయి తిరిగిన పిల్లలకు టెన్నిస్ బంతి త్వరగా పట్టుబడుతుంది. వానొచ్చి గదిలో కూర్చున్న రోజున వాటినే ఆడించండి, అది ఆటల పీరియడే. ఏడుపెంకులాటలో బంతిని పిల్లల మీద కొట్టే భాగం తీసేసి, బంతిని మూడుసార్లు ఒకరికొకరు అందించుకున్నాకే పెంకుల దగ్గరికి పోవాలని మార్చితే మంచి క్యాచింగ్ ఆట అవుతుంది. గుడ్డ బంతితో ఆడాలి. చిర్రగోనెలో (బిళ్లంగోడులో) చిర్రను గాల్లో పట్టడం గొప్ప నైపుణ్యమే గానీ, మొన తేలిన కర్ర కళ్లకు ప్రమాదం కాబట్టి బడిలో వద్దు.

దగ్గర్లో హైస్కూలు ఉంటే టెన్నికాయిట్ రింగు, అంటే నెట్ మీంచి విసిరి పట్టుకునే రబ్బరు రింగు, అడగండి. ఆడపిల్లలు ఇష్టంగా ఆడే ఆట, రింగును ఒంటిచేత్తో పట్టాలని దాని నియమమే చెబుతుంది. పట్టుకోవడానికి అంచు ఉంటుంది కాబట్టి ఒంటిచేతి క్యాచుకు బంతి కంటే రింగే తేలిక. నాలుగైదు తరగతులకు సరిపోతుంది. కొత్త రబ్బరు రింగు చేతికి చురుక్కుమంటుంది, కొంచెం వాడినదైతే మేలు.

దెబ్బ తగిలితే, కంటికి ఆనకపోతే

వేలు బెణికితే గుంజి సరిచేసే అలవాటు ఊళ్లలో ఉంది. బంతి విషయంలో గుంజమన్నాం గానీ వేలిని ఎప్పుడూ గుంజవద్దు. చల్లటి నీళ్లలో ముంచండి, లేదా గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి, చేయి కొంచెం పైకెత్తి ఉంచమనండి. వేలు వంకర తిరిగినా, మడవలేకపోయినా, వాపు బాగా పెరిగినా కదపకుండా దవాఖానకు పంపాలి. చెమట చేతులకు పిల్లలు మట్టి రాసుకుంటారు, దాంతో టెన్నిస్ బంతి ఇంకా జారుతుంది. ఒక పొడి గుడ్డ గ్రౌండు పక్కన ఉంచండి.

అన్నీ సరిగ్గా చేస్తున్నా ఒక పిల్ల ఎప్పుడూ ఒకే వైపు వచ్చే బంతిని వదిలేస్తోందంటే, లేదా తల వంచి ఒక కంటితో చూస్తోందంటే, మెల్లగా వేసినా చేతులు ప్రతిసారీ ఆలస్యంగా కదులుతున్నాయంటే చూపును అనుమానించాలి. నల్లబోర్డు దగ్గర బయటపడని లోపం బంతి దగ్గర బయటపడవచ్చు. తల్లిదండ్రులకు చెప్పండి, పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం బడికి వచ్చినప్పుడు ఆ పిల్లను ప్రత్యేకంగా చూపించండి. చూపు తక్కువున్న పిల్లకు బంతిని పాలిథిన్ కవరులో చుట్టి ముడివేసి దొర్లిస్తే గరగర చప్పుడు చేస్తూ వస్తుంది, చెవితో పట్టుకుంటుంది. నిలబడలేని పిల్లకు కుర్చీలో కూర్చునే చింతగింజల సంచి, ఒళ్లో తువ్వాల పరిచి. జారినా ఒళ్లోనే ఉంటుంది, కింద వెతుక్కోనక్కర్లేదు.

గ్రేడు వేయాలనుకుంటే పట్టిన లెక్క మాత్రమే రాసుకోకండి. కళ్లు చివరిదాకా తెరిచి ఉన్నాయా, చేతులు ఎదురుపోయాయా, ఛాతీ ఆసరా లేకుండా పట్టిందా, గుంజడం వచ్చిందా అని నాలుగు గళ్లు గీసి టిక్కు పెట్టండి. పదికి తొమ్మిది పట్టినా ఛాతీకే హత్తుకునే పిల్ల ఉంటుంది. ఐదే పట్టినా నాలుగు గళ్లూ నిండిన పిల్ల ఉంటుంది. రెండో పిల్లే ముందు పోతుంది.

సామాను విషయం ఒకటి. వానలో తడిసిన టెన్నిస్ బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, జారుతుంది, ఎండేదాకా ఇవ్వకండి. సంచులను వారానికోసారి ఎండలో వేసి, కుట్లు ఊడినవి అదే రోజు కుట్టించండి. దసరా సెలవులకు, ఎండాకాలం సెలవులకు మూతున్న డబ్బాలో వేసి తాళం పెట్టండి. వరండాలో వదిలేస్తే కోతులు ఒక్క పూటలో అన్నీ చింపేస్తాయి.